రువైస్‌లో జపాను సద్ది

మొన్న పొద్దున మా కోడలు వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టుకుని, దాంట్లో ఎవరో అమ్మాయి అన్నాన్ని కుందేలు పిల్లలా చేస్తుంటే చూస్తూ తనూ చేయబోతున్నది. బడికి పట్టుకుపోయిన డబ్బాను మనవడు రోజూ సగం అట్లాగే తిరిగి తెస్తున్నాడు. "మామా, గిది సూడుండ్రి. బెంటో అంటరట. జపానోళ్ళు పిల్లలకు గిట్ల సద్ది కడ్తరట," అంది. పాపం, కుందేలుకు చెవులు నిలబడడం లేదు. "అన్నం ఇంకా కాలుతున్నది బిడ్డా, జర ఆరనియ్యి. చేతికి ఉప్పునీళ్ళు అద్దుకో," అన్నాను. అట్లా చేసేసరికి చెవులు నిలబడ్డాయి. ఆమె ఫోను వదిలేసి నా వైపు తిరిగింది. చాయ్ కూడా పెట్టుకోవడం రానట్టు కూర్చునే మామకు ఇదెట్లా తెలుసని ఆమె అనుమానం. "దుబాయ్‌ల నేర్సుకున్న," అని పేపరు అందుకున్నాను. మావైపు గల్ఫులో ఎక్కడున్నా దుబాయ్ అనే అంటాం. నేనున్నది అబుదాబికి కూడా బస్సులో ఎన్నో గంటల దూరంలో, సముద్రానికీ ఇసుకకూ మధ్య, రువైస్‌లో. డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో. రిఫైనరీ ఇంకా లేస్తున్న కాలం. అక్కడ నేను మిషన్ మీద పనిచేశానని మావాళ్ళు చాలా ఏళ్ళు నమ్మారు. వంట పని అని చెప్పడానికి అప్పట్లో నాకు సిగ్గుండేది. ఆ మిషన్ సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు కనుక నేనూ దాన్ని విప్పి చూపించాల్సిన అవసరం రాలేదు.

నేను వెళ్ళేనాటికి రువైస్ అంటే వరుసలు వరుసలుగా పోర్టాకేబిన్లు, క్రేన్లు, తెల్లటి ఎండ. మా క్యాంపులో నాలుగొందల మంది. సగం మంది మా కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు, మిగతావాళ్ళు బీహారీలు, పఠాన్లు. మెస్సు నడిపే కాంట్రాక్టరు దగ్గర నేను వంటవాడిని. వంటవాడంటే పెద్ద మాట. మనిషి కూర్చుంటే మునిగేంత గంజుల్లో అన్నం ఉడికించడం, గంజి వార్చడం, పప్పులో తాలింపు పోయడం. తెల్లవారకముందే అంతా అయిపోవాలి. జనం వరుస కట్టి, తమ తమ డబ్బాల్లో అన్నం మీద పప్పు పోయించుకుని, మూతలు బిగించి బస్సెక్కేవాళ్ళు. అరగంటలో నాలుగొందల డబ్బాలు. నా గంటె వేగం చూసి క్యాంప్ బాస్ కూడా మెచ్చుకునేవాడు. ఆ బాస్ మలయాళీ, మెస్సు కాంట్రాక్టరు మనిషి. మాతో హిందీలో మాట్లాడేవాడు, కోపం వస్తే మాత్రం సొంత భాషకు దిగేవాడు. ఏ భాషలో మొదలుపెట్టినా చివరికి "ఖలాస్" అనేవాడు. ఆ మాట పడిందంటే ఇక దాని మీద చర్చ లేదు.

మా క్యాంపు చివర, కంచెకు ఆవల, పద్నాలుగు మంది జపాను ఇంజనీర్లు ఉండేవాళ్ళు. వాళ్ళకు వేరే మెస్సు, వాళ్ళ దేశం నుంచే వచ్చిన వంటవాడు, ఏసీ ఉన్న వంటిల్లు. ప్రతి పేరు చివరా సాన్, సాన్ అని వినిపిస్తుంటే వాళ్ళంతా ఒకే ఇంటిపేరు వాళ్ళనుకున్నాం చాన్నాళ్ళు. అన్నదమ్ముల పిల్లలంతా కలిసి వచ్చారు కాబోలు, ఎంత ఒద్దికగా ఉన్నారో అని మెచ్చుకున్నాం కూడా. ఒకరోజు ఆ జపాను వంటవాడికి నడుం పట్టేసింది. బియ్యం బస్తా ఎత్తబోయి వంగినవాడు మళ్ళీ లేవలేదు. అబుదాబి ఆసుపత్రికి పంపారు, అక్కడి నుంచి ఇంటికే పంపేశారు. కొత్తవాడికి వీసా వచ్చి, విమానం ఎక్కి, ఇక్కడ దిగేసరికి రెండు నెలలు పడుతుందన్నారు. బాస్ మా వంటవాళ్ళను నిలబెట్టి, "జపాను అన్నం ఎవరు వండుతారు?" అని అడిగాడు. నేను చెయ్యి ఎత్తాను. జపాను ఎక్కడుందో నాకు తెలియదు. ఆ వంటింట్లో ఏసీ ఉందని మాత్రం తెలుసు.

మొదటి రోజు ఆ వంటింట్లో నిలబడి అల్మారాలన్నీ తెరిచి చూశాను. ఒక్క డబ్బా మీదా చదవగలిగిన అక్షరం లేదు. నల్లటి పలచటి కాగితాల కట్ట ఒకటి కనిపిస్తే, హిసాబు రాసుకునే కార్బన్ పేపరు పొరపాటున ఇక్కడ పెట్టారనుకుని ఆఫీసు గుమాస్తాకు ఇచ్చి వచ్చాను. ఆయన ఒకదాన్ని రెండు కాగితాల మధ్య పెట్టి రాసి, అచ్చు పడకపోయేసరికి వాపసు పంపాడు. అది సముద్రపు నాచు అని, తింటారని తర్వాత తెలిసింది. బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉన్నాయి. ఎసట్లో వేస్తే ముద్దగా అవుతున్నాయని, మంచి బియ్యం కాకపోయినా మన చేతిలో పనితనం ఉంది కదా అని, రెండుసార్లు గంజి వార్చి పలుకు పలుకుగా చేశాను. ఇంజనీర్లు పొద్దునా రాత్రీ తమ గదుల్లోనే ఏదో తినేవాళ్ళు, మధ్యాహ్నం మెస్సుకు రారు. సైటు దూరం కనుక వాళ్ళకు డబ్బాలే కట్టాలి. గళ్ళు గళ్ళుగా ఉన్న నల్లటి చదును డబ్బాలు పద్నాలుగు. ఒక గడిలో అన్నం, ఒక గడిలో కోడిగుడ్డు పులుసు, ఇంకో గడిలో మన పద్ధతిలో మిరియాలూ కారమూ దట్టించిన కోడి వేపుడు. పరాయి దేశం వాళ్ళు, మన చేతి రుచి ఏమిటో చూడాలి కదా! పులుసు గళ్ళు దాటి అన్నంలోకి ఈదింది. అయితేనేం, సాయంత్రం డబ్బాలన్నీ ఖాళీగా, కడిగి, తుడిచి తిరిగివచ్చాయి. రెండో రోజూ అంతే. వారం గడిచింది. ఎదురుపడితే పద్నాలుగు మందీ నడుం వంచి దండం పెడుతున్నారు. జపాను వంట ఇంతేనా అనుకున్నాను.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, సైటులో పెద్దాయన పడిపోయాడు. పద్నాలుగు మందిలో వయసులో పెద్ద, పైపుల అతుకులు పరీక్షించి పాసో ఫెయిలో చెప్పే ఇన్‌స్పెక్టరు. ఎండలో నిచ్చెన దిగుతూ చివరి రెండు మెట్ల దగ్గర కళ్ళు తిరిగి ఇసుకలో పడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు. క్యాంపు క్లినిక్‌లో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. అక్కడి నర్సు మన తెలుగావిడే, నరసాపురం దగ్గరి క్రైస్తవుల అమ్మాయి. తెలుగు వినిపించే ఏకైక చల్లని గది అని మావాళ్ళు చిన్న తలనొప్పికి కూడా ఆమె దగ్గరకు పోయేవాళ్ళు. ఆ సాయంత్రం ఆమె నన్ను పిలిపించింది.

"ఏం తమ్ముడూ, ఈ జపానాయనకి వండేది నువ్వేనా?"

"నేనే సిస్టర్."

"మరి ఈయన వారం రోజులబట్టి అన్నం మెతుకు ముట్టుకోలేదంటయ్యా. టీ నీళ్ళూ, బిస్కట్లూ. ఈ ఎండలో అలాగైతే మనిషి నిలబడతాడా?"

"డబ్బలు ఖాళీగ వస్తున్నయి సిస్టర్! ఒక్క మెతుకు మిగుల్తలేదు."

"ఆ మాట నన్నడుగుతావేంటి? ఎవరు తింటున్నారో కనుక్కో," అందామె.

కనుక్కోవడానికి ఎక్కువ తిరగనక్కరలేకపోయింది. డబ్బాలు సైటుకు చేర్చే డ్రైవరు పఠాను. అందరూ ఖాన్ సాబ్ అనేవాళ్ళు. అడగ్గానే నన్ను కౌగిలించుకున్నాడు. ఇంత కమ్మటి కోడి వేపుడు పెషావర్ వదిలాక తినలేదనీ, సాబ్‌లు ఎంత మంచివాళ్ళో చూడు, రోజూ ఒక ముద్ద నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మిగిలిందంతా డ్రైవర్లకే ఇచ్చేస్తున్నారనీ, అందుకు కృతజ్ఞతగా డబ్బాలు తామే శుభ్రంగా తోమిపెడుతున్నామనీ చెప్పాడు. నా వంట మీద అంత పొగడ్త నేను మళ్ళీ ఎన్నడూ వినలేదు. పద్నాలుగు మందిని వారం రోజులు పస్తులుంచి, ఒక ముసలాయన్ను నిచ్చెన మీద నుంచి పడేశాను. విషయం తెలిసిన బాస్, "వారం టైమిస్తున్నా. వాళ్ళు తినకపోతే ఖలాస్, ఇంటికి టికెట్," అన్నాడు. నిజంగా చెప్పాలంటే టికెట్ కంటే ఆ పెద్దాయన ముఖమే నన్ను ఎక్కువ బాధించింది.

మర్నాడు నర్సమ్మ చెప్పిందని గంజి కాచి, ఉప్పు వేసి క్లినిక్‌కు పట్టుకుపోయాను. అన్నం మెత్తగా విడిచిపోయేదాకా ఉడికించిన చిక్కటి గంజి. పెద్దాయన లేచి కూర్చుని, గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని, ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "ఓకాయు," అన్నాడు. ఆయన దేశంలో ఒంట్లో బాగాలేకుంటే అమ్మలు పెట్టేది అదేనట. గిన్నె ఖాళీ చేశాక నా వైపు చూసి నవ్వాడు. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేంత ఉండేది. దాంతోనే అడిగాను, వంట బాగాలేదని ఒక్క మాట ఎందుకు చెప్పలేదని. ఆయన కాసేపు మాటలు వెతుక్కుని, "నువ్వు మూడింటికి లేస్తావు. కిటికీలో దీపం చూస్తాను. ఎట్లా చెప్పేది?" అన్నాడు.

డాక్టరు ఆయన్ను పది రోజులు ఎండలోకి పోవద్దన్నాడు. అందుకని వంటింట్లోకి వచ్చి కుర్చీ వేసుకున్నాడు. నాకు గురువు దొరికాడని సంబరపడ్డాను. తీరా చూస్తే ఆయన జీవితంలో గుడ్డు కూడా ఉడికించలేదు! మూత తెరిస్తే డబ్బా ఎట్లా కనిపించాలో తెలుసు, తింటే ఎట్లా ఉండాలో తెలుసు. అది అట్లా ఎట్లా అవుతుందో తెలియదు. నడుం పట్టేసిన వంటవాడి గదిలో ఒక ఆడవాళ్ళ పత్రిక దొరికింది. దాంట్లో రంగురంగుల సద్ది డబ్బాల బొమ్మలు. వాటిని చింపి గోడకు అంటించాం. ఆయన బొమ్మ కింది రాత చదివి, సగం ఇంగ్లీషులో సగం చేతుల్తో చెప్పేవాడు. నేను చేసేవాణ్ణి. గంజి వార్చొద్దన్నాడు. కొలత నీళ్ళు పోసి, అన్నం తనంతట తాను ఇగిరిపోవాలన్నాడు. ముద్దగా ఉంటేనే వాళ్ళు తినే రెండు పుల్లలతో పైకి లేస్తుంది. ఇన్నాళ్ళూ పలుకు పలుకుగా చేసి, పాపం, ఒక్కొక్క మెతుకునూ ఏరుకునేట్టు చేశాను. అన్నం దింపగానే వెడల్పు పళ్ళెంలో పరిచి అట్టముక్కతో విసరమన్నాడు. చల్లారాకే డబ్బాలో పెట్టాలి, అప్పటిదాకా మూత ముట్టుకోవద్దు. వేడి మీద మూత పెడితే లోపల చెమట పడుతుంది, ఆ చెమటకు మధ్యాహ్నానికల్లా అన్నం చెడుతుంది. ఇది మాత్రం ఆయనకు బాగా తెలుసు. చిన్నప్పుడు వాళ్ళమ్మ విసురుతుంటే పక్కన కూర్చునేవాడట.

అన్నం నడుమ పెట్టే ఎర్రటి ముడతల పండు ఒకటుండేది, ఉప్పులో ఊరవేసినది. నోట్లో వేసుకుంటే చెవులు కదిలాయి. మా ఇంటి ఉసిరి తొక్కులో కారం తీసేస్తే ఇట్లాగే ఉంటుంది కదా అనిపించింది. ఇక్కడి నుంచి నాకు కొంచెం దారి దొరికింది. నువ్వులు వేయించి దంచి, ఉడికించి పిండిన పాలకూరలో కలపాలన్నప్పుడు, నువ్వుల పొడి కొట్టడం మా తెలంగాణ వాడికి ఎవరూ నేర్పనక్కరలేదన్నాను. అబుదాబి నుంచి వారానికోసారి వచ్చే లారీలో వంజరం చేప తెప్పించి, ఉప్పు రాసి కాల్చాను. ఆ చేపకే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ గుడ్డట్టు దగ్గర ఓడిపోయాను. పొరలు పొరలుగా చాపలా చుట్టాలి, పైగా దాంట్లో చక్కెర వేయాలి! గుడ్డులో చక్కెర ఏమిటని మొదటిసారి నేను ఆయన్నే అనుమానించాను. మూడు రోజుల్లో ఎన్ని గుడ్లు పాడయ్యాయో. పాడైనవన్నీ ఖాన్ సాబ్, అతని సావాసగాళ్ళు తిన్నారు. మొదట మెచ్చుకున్నారు, తర్వాత నన్ను చూస్తే లారీ స్టార్ట్ చేసేవాళ్ళు.

చివరికి పెద్దాయన ఇంటికి ఉత్తరం రాశాడు. ఈలోపు బాస్ పెట్టిన గడువు దాటింది గానీ, చల్లారిన ముద్దన్నం, ఉప్పు చేప, నువ్వుల పాలకూర ఉన్న డబ్బాలను ఇంజనీర్లు తామే తింటున్నారని ఖాన్ సాబ్ దిగులుగా సాక్ష్యం చెప్పడంతో నా టికెట్ ఆగింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆయన భార్య నాకు ఎదురుగా కూర్చుని నేర్పినట్టే రాసింది. పెనం ఎంత వాల్చాలి, అట్టు ఏ అంచు నుంచి చుట్టాలి, చుట్టింది వెనక్కి జరిపి మళ్ళీ ఎంత గుడ్డు పోయాలి, అన్నీ పెన్సిలు బొమ్మలు, బాణం గుర్తులు. క్యారెట్‌ను పువ్వుగా కోయడానికి ఒక బొమ్మ. పచ్చకూర ఆకును గోడలా పెట్టి తడి కూరను అన్నానికి దూరంగా ఎట్లా ఉంచాలో ఇంకో బొమ్మ. ఆ రోజు అట్టు చుట్టుకుంది. పెద్దాయన దాన్ని కోసి, లోపలి పొరలు చూసి, అతుకులు పరీక్షించే గొంతుతో, "పాస్," అన్నాడు. తర్వాత ఉత్తరం చివరి పేజీ చదువుతూ ఆగి, ఆమె ఒక సంగతి అడిగిందన్నాడు.

"మా ఆయనకు వండే అతను మధ్యాహ్నం ఏం తింటాడు? వాళ్ళ దేశం సద్ది ఎట్లా ఉంటుందో రాయండి."

ఏముంది, పప్పు, అన్నం అని చెప్పబోయాను. నేను వండిన అన్నం నేను పొద్దున్నే వేడివేడిగా తినేసేవాణ్ణి. అదే అన్నం ఏడు గంటల తర్వాత, ఆ ఎండలో, బిగించిన మూత కింద ఏమవుతుందో రెండేళ్ళలో ఒక్కనాడూ వెళ్ళి చూడలేదు. మావాళ్ళు అప్పుడప్పుడూ పుల్లగుందని గొణిగేవాళ్ళు. నాలుగొందల మందికి వండితే అంతేనని నేను గదమాయించేవాణ్ణి. పెద్దాయన నా ముఖం చూసి ఉత్తరం మడిచాడు. మర్నాడు ఆయన సైటుకు పోతూ నన్ను కూడా జీపు ఎక్కమన్నాడు.

పైపుల నీడలో మావాళ్ళు కూర్చుని డబ్బాలు విప్పుతున్నారు. మా పక్క ఊరాయన ఒకడు, నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. మూత తీసి, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అటూ ఇటూ చూశాను. అందరూ అదే చేస్తున్నారు. కొందరు రెండు ముద్దలు తిని మూతపెట్టారు, కొందరు నీళ్ళు పోసి పిసికి మింగారు. "గిదేందే అన్నా, రోజు గిట్లనేనా?" అని అడిగితే ఆయన నా వైపు వింతగా చూసి, "నువ్వు అండినప్పుడు గూడ గిట్లనే గద తమ్మీ. నీకెర్క లేదా?" అన్నాడు. ఎగతాళి లేదు, కోపమూ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. పెద్దాయన డబ్బా అడిగి తీసుకుని, వాసన చూసి, ఒక ముద్ద తిన్నాడు. మింగాడు కూడా. థాంక్యూ చెప్పి డబ్బా తిరిగి ఇచ్చాడు.

ఆయనకు మా మెస్సు మీద అధికారం లేదు. అది వేరే కాంట్రాక్టు. అయినా ఆ సాయంత్రం బాస్ గదికి వచ్చి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేనే మాట్లాడాను. వెడల్పు రేకు పళ్ళేలు కావాలి, పెద్ద ఫ్యాన్లు రెండు కావాలి, పప్పు పోయడానికి ప్రతివాడికీ వేరే చిన్న గిన్నె కావాలి. బాస్ నవ్వాడు. "వాళ్ళు పద్నాలుగు మంది, వీళ్ళు నాలుగొందలు. నీకు పిచ్చా? ఎవడు ఆరబెడతాడు ఇంత అన్నం?" అన్నాడు. "నేను. గంట ముందు లేస్త సార్," అన్నాను. ఆయన ఖలాస్ అనడానికి నోరు తెరిచాడు. ఎదురుగా టోపీతో కూర్చున్న మనిషి కదలడం లేదు. చివరికి బాస్ మలయాళంలో ఏదో గొణిగి స్టోరు కాగితం మీద సంతకం పెట్టాడు.

అదే నెలలో కొత్త జపాను వంటవాడు దిగాడు. ఏసీ వంటింట్లోనే సహాయకుడిగా ఉండిపొమ్మన్నారు నన్ను. పెద్ద మెస్సుకే పోతానన్నాను. త్యాగమని అనుకోవద్దు. ఆ కొత్తాయన నన్ను కత్తి ముట్టనివ్వలేదు, గోడ మీది బొమ్మలు చూసి ముఖం చిట్లించాడు. అదీ ఒక కారణం. రెండో కారణం పైపుల నీడలో మావాళ్ళు అన్నం వాసన చూసిన తీరు. పెద్ద మెస్సులో నాలుగొందల మంది అన్నం పరిచి ఫ్యాన్లు పెడితే మొదటి రోజు మెతుకులు గోడలకు అంటుకున్నాయి. పరవడం, విసరడం కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. పప్పు గట్టిగా చేసి వేరే గిన్నెలో ఇచ్చాను. వారానికి రెండు రోజులు చింతపండు పులుసు పట్టించిన అన్నం. నిమ్మకాయలు ఉప్పులో ఊరవేసి తలా ఒక ముక్క. పెద్దాయన సైటులో అప్పుడప్పుడూ మావాళ్ళ దగ్గర ఆగి, ఆ నిమ్మముక్క అడిగి తినేవాడట. పని పూర్తయ్యాక ఆయన వెళ్ళిపోయాడు. ఒక కొత్త సంవత్సరానికి కార్డు వచ్చింది. నేను జవాబు రాశాను, అది చేరిందో లేదో తెలియదు. నేనూ మరుసటి ఏడు ఇల్లు చేరుకున్నాను.

అన్నం చెడకుండా చేరిన మొదటి రోజు నేను ఖాన్ సాబ్ లారీలో సైటుకు వెళ్ళి మావాళ్ళ మధ్య కూర్చున్నాను. అన్న మూత తీసి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు అట్లాగే ఉంచాడు. మళ్ళీ చూశాడు. "ఇయ్యాల పుల్లగ లేదేంది తమ్మీ?" అన్నాడు. తిన్నాడు, డబ్బా అడుగు దాకా తిన్నాడు. రెండో రోజూ వాసన చూశారు, మూడో రోజూ చూశారు. పది పదిహేను రోజులయ్యాక మళ్ళీ వెళితే ఎవరూ చూడడం లేదు. మూత తీయడం, ఊరి ముచ్చట్లు చెప్పుకుంటూ తినడం. ఇప్పటికి నలభై ఏళ్ళు దాటింది. వాళ్ళలో ఎవరైనా కనిపిస్తే, నేను ఆ అన్నం సంగతి అడిగినా గుర్తులేదనే చెబుతారు, చెడిపోని అన్నాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కాలం అట్లాంటి మామూలు మధ్యాహ్నాలన్నిటినీ ఏ గుర్తూ మిగల్చకుండా తీసుకుపోతుంది, వాటిలో కొన్నిటినైనా మామూలుగా గడిపించగలిగానని ఇన్నేళ్ళకు నాకు తృప్తిగా ఉంది.